పొరుగమ్మా, నీళ్లు కప్పుకో

జనవరి 12, సోమవారం

నా పేపర్ అచ్చయింది.

సాయంత్రం మా ఆయన కొంబో, పోర్టులో పని నుంచి వస్తూ వేడివేడి మందాజీల పొట్లం తెచ్చాడు, నూనెలో వేయించిన తీపి రొట్టెలు. "ఏదీ, మా ఆవిడ ఘనకార్యం చూపించు" అంటూ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. కంప్యూటర్ తెరిచాను. పత్రిక పేరు వచ్చింది, పేపర్ పేరు వచ్చింది, దాని కింద డాక్టర్ మయాసా అని నా పేరూ వచ్చింది. ఇంకాస్త కిందికి జరిపితే తాళం బొమ్మ. తక్కినది చదవాలంటే డాలర్లు కట్టాలట. పొద్దున యూనివర్సిటీలోనూ ఇదే బొమ్మ. మా లైబ్రరీ ఆ పత్రిక చందా ఎప్పుడో మానేసింది. రాసింది నేనే తల్లీ అని దానికి ఎలా చెప్పను?

"అంటే నీ ఇంట్లోకి నువ్వే టికెట్టు కొనుక్కుని వెళ్లాలన్నమాట" అన్నాడు కొంబో, నములుతూ.

నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? మందాజీలు మాత్రం బాగున్నాయి, ఏలకులు బాగా పడ్డాయి.

జనవరి 13

మా శాఖ పెద్ద, ప్రొఫెసర్ మ్హీనా, అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. "అలాంటి పత్రికలో ఒక్కటి పడితే చాలు మయాసా, నీ పదోన్నతి ఫైలు దానంతటదే నడుస్తుంది" అన్నారు. సంతోషంగా ఉంది. నిజంగానే సంతోషంగా ఉంది.

జనవరి 17, శనివారం

పొద్దున్నే పక్కింటి మ్వానహావా గోడ మీంచి తల పెట్టింది. చేతిలో ఖాళీ గ్లాసు. చక్కెర కోసమో, కబుర్ల కోసమో ఆ గ్లాసు చూసి చెప్పలేం.

"వదినా, నీ పేపరు అచ్చయిందటగా. మా వీధి మీదేనట. ఏం రాశావేంటి?"

"దోమల మీద."

"మా సంగతులు దోమలకి చెప్పావా, దోమల సంగతులు మాకు చెప్పావా?"

"ఇంగ్లీషులో ఉందిలే."

"అయితే దోమలకే చెప్పావు" అని చక్కెర పోయించుకుని వెళ్లిపోయింది. వెనకాలే కూతురు సల్హా, ఒంటికాలి మీద గెంతుతూ. ఏడేళ్ల పిల్ల, నిలబడమంటే నిలబడదు. నిరుడు ఏప్రిల్‌లో ఇదే పిల్ల ఆస్పత్రి మంచం మీద, ఎముకలు విరుస్తున్నట్టు మూలుగుతూ, ముక్కులోంచి నెత్తురు కారుతూ పడి ఉంది. ఆ వారమంతా మ్వానహావా ఆ మంచం కిందే పడుకుంది. పెళ్లికూతుళ్లకి గోరింటాకు పెట్టే ఆ చేతులతో రాత్రంతా పిల్ల ముక్కు తుడుస్తూనే ఉంది.

ఆ డెంగీ తగ్గాకే నేను వీధంతా తిరిగాను, నీళ్లలో దోమ పురుగుల్ని వెతికే తెల్ల గరిటె, టార్చి లైటు పట్టుకుని. అందరూ మురుగు కాలవని తిడతారు. దోమ కాలవలో లేదు. ఇంటి వెనక, కుళాయి రాని రోజుల కోసం నింపి పెట్టుకునే నీలం డ్రమ్ములో ఉంది. పైన వదులుగా ప్లాస్టిక్ మూత పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. గుడ్డ పరిచి తాడుతో బిగించి కట్టిన డ్రమ్ముల్లో మాత్రం ఒక్క పురుగు లేదు. మూడు నెలల పనిలో తేలింది ఇంతే. పదహారు పేజీలు రాశాను దీన్ని.

పేపర్లో ఇళ్లకి అంకెలే ఉంటాయి, పేర్లుండవు. అన్నిటికన్నా ఎక్కువ పురుగులున్నది పద్నాలుగో ఇల్లు. మ్వానహావా ఇల్లు.

జనవరి 25, ఆదివారం

మా వీధి పెద్ద ఓ సమావేశం పెట్టించాడు. నాకు మాట్లాడే అవకాశం ఇచ్చాడు. బొమ్మలు చూపించాను, డ్రమ్ముకు గుడ్డ కట్టి చూపించాను. అందరూ తలలూపారు. టీ తాగారు. వేరుశనగలు తిన్నారు. చివర్లో వీధి పెద్దే లేచి, "డాక్టరమ్మ చెప్పింది విన్నారుగా, కాలవ బాగు చేయించాలని అర్జీ పెడదాం" అన్నాడు. చప్పట్లు.

మ్వానహావా రాలేదు. ఎవరిదో పెళ్లి, గోరింటాకు పనికి పోయింది. వస్తే బాగుండేది. ఎదురుగా ఒక్కదానికే చెప్పడం కన్నా అందరిలో చెప్పడం తేలిక.

జనవరి 26

మార్చి చివర్లో పెద్ద వానలు మొదలవుతాయి. అప్పటికి ఈ వీధి డ్రమ్ములు కప్పి ఉండాలి. నాకు కావలసింది అంతే. పదోన్నతి సంగతి తర్వాత.

(పదోన్నతి కూడా కావాలి. అబద్ధమెందుకు.)

ఫిబ్రవరి 2, సోమవారం

సికుధాని అత్త కొట్టుకి వెళ్లాను. నాన్న చెల్లెలు. చేతులకి మోచేతి దాకా బంగారు గాజులు, నోటికి మాత్రం తాళం లేదు. మార్కెట్ మొగలో కాంగాల టోకు వ్యాపారం ఆవిడది. మా ఆడవాళ్లు ఒంటికి చుట్టుకునే అచ్చుగుడ్డలు, ఎప్పుడూ జతగానే అమ్ముతారు. పైనుంచి కింద దాకా మడతలు, ఎరుపులు, పసుపులు, నలుపులు.

ఒక ఆడమనిషి వచ్చింది. బేరం ఆడలేదు, రంగు చూడలేదు. మడత విప్పి, కింది అంచు పైన అచ్చయిన వాక్యాన్ని వేలుపెట్టి చదివింది. పెదవులు కదిలాయి. మళ్లీ చదివింది. కిసుక్కున నవ్వి, "ఇదివ్వమ్మా, మా తోడికోడలు చూడాలి దీన్ని" అంది. ఆవిడ వెళ్లాక ఇంకొకతె. ఈమెకి చదువు రాదు, అత్త చేత చదివించుకుంది. ఒకటి కాదు, ఏడెనిమిది చదివించుకుంది. చివరికి మొగుడికి తగిలేది ఏరుకుని పోయింది.

నేను గోడకి ఆనుకుని చూస్తూ ఉండిపోయాను.

"ఏమే మయాసా, కొంటావా, ఊరికే చదువుకుంటూ నిలబడతావా? ఇది లైబ్రరీ కాదు" అంది అత్త.

లైబ్రరీయే అత్తా. ఊళ్లో తాళం లేని లైబ్రరీ ఇదొక్కటే. పైకి అనలేదు. ఇంటికొచ్చే దాకా బజాజ్ ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 5

పత్రిక వాళ్లకి ఉత్తరం రాశాను. నా పరిశోధన ఫలితాన్ని మరోచోట అచ్చు వేసుకోవచ్చా అని.

ఫిబ్రవరి 9

జవాబు. ఏ మాధ్యమంలో? పుస్తకమా, వెబ్‌సైటా, ఇతరమా?

ఇతరం. గుడ్డ మీద అని రాశాను.

ఫిబ్రవరి 12

"క్షమించండి. గుడ్డ అంటే మీ ఉద్దేశం?"

ఫిబ్రవరి 14, శనివారం

అత్తతో మధ్యాహ్నమంతా యుద్ధం. విదేశాల్లో ముగ్గురు పండితులు నా పేపర్‌ని నాలుగు నెలల పాటు తిరగేశారు గాని, ఇంత చావగొట్టలేదు.

మొదట నేను రాసుకెళ్లింది చదివాను: ఇంటి నీటి నిల్వ పాత్రలను బిగువైన వస్త్రంతో కప్పినచో డెంగీ వ్యాపింపజేసే దోమల వృద్ధి గణనీయముగా తగ్గును.

అత్త గుడ్లు మిటకరించింది. "అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇది కట్టుకుని నడిస్తే వాక్యం చివర చదవడానికి ఆవిడ వెనక రెండు వీధులు నడవాలే, ఎవరైనా."

తగ్గించాను. 'డ్రమ్ములకు గుడ్డ కట్టండి.'

"కట్టండి, తాగండి, కడుక్కోండి... ఇది ఆరోగ్యశాఖ గోడ. కాంగా అందరితో మాట్లాడదు పిల్లా. ఒక్కరితో మాట్లాడుతుంది. కట్టుకున్నది ఎవరు, చూసేది ఎవరు, అది ముందు చెప్పు."

"కట్టుకున్నది... ఒక తల్లి."

"చూసేది?"

"పక్కింటావిడ."

"మరి చెప్పవేం, ఇందాకట్నుంచి!" అంది. కళ్లు మూసుకుని, గాజులు సర్దుకుని, ఒక్క ఊపులో అనేసింది:

పొరుగమ్మా, నీళ్లు కప్పుకో, నా బిడ్డను నిద్రపోనీ.

పదహారు పేజీలు అందులో ఉన్నాయా అని వెతికాను. 'బిగించి కట్టాలి' అన్నది లేదు. అది అన్నిటికన్నా ముఖ్యం అన్నాను. మధ్యలో వేసే బొమ్మలో చూపిద్దాం అంది. డ్రమ్ము బొమ్మ పెద్దగా వెయ్యమన్నాను. "డ్రమ్ము కట్టుకుని పెళ్లికెళ్తారా ఎవరైనా?" అని కసిరింది. చివరికి మధ్యలో జీడిపిక్కల పువ్వు, నాలుగు మూలలా చిన్న డ్రమ్ములు, నోటికి గుడ్డ, గుడ్డకి తాడు, తాడుకి ముడి. దూరం నుంచి చూస్తే పూలకుండీల్లా ఉంటాయి. ఒప్పుకున్నాను.

అంచులో పేపర్ సంఖ్య వెయ్యమంటే మాత్రం చస్తే ఒప్పుకోలేదు. "ఆ అంకెలేంటే? ఫోన్ నంబరనుకుని నీకు ఫోన్లు చేస్తారు."

ఫిబ్రవరి 17

పత్రిక నుంచి ఎవరో పెద్దావిడ స్వయంగా రాసింది. నిజాలు ఎవరి సొత్తూ కావు, మీ మాటల్లో మీరు ఎక్కడైనా చెప్పుకోవచ్చు, గుడ్డ వచ్చాక ఒక ఫోటో పంపుతారా అని. మంచిది. తుది మెరుగులకి ముందు నేను పంపిన ప్రతిని మా యూనివర్సిటీ వెబ్‌సైటులో అందరికీ తెరిచి పెట్టుకోవచ్చని కూడా చెప్పింది. ఈ మాట నాకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మధ్యాహ్నమే పెట్టేశాను.

ఫిబ్రవరి 24

రంజాన్ ఉపవాసాలు. ప్రొఫెసర్ మ్హీనాకి ఎవరు చేరవేశారో గాని పిలిపించారు.

"మయాసా, దుస్తుల మీద అచ్చయిన వాటికి మార్కులు లేవని నీకు తెలుసుగా?"

"తెలుసు సార్."

"దాన్ని పండితులెవరైనా పరిశీలించారా?"

"మా అత్త పరిశీలించింది సార్. రెండుసార్లు తిప్పి కొట్టింది."

ఆయన నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది, ఉపవాసం కదా, నోరు పొడిగా ఉండి దగ్గొచ్చింది.

మార్చి 14, శనివారం

దార్ నగరంలో గుడ్డలు అచ్చు వేసే మిల్లు నుంచి లారీలో బేళ్లు దిగాయి. పసుపు మీద ఎరుపు. అత్త మొదటి జత నా ఒళ్లో పడేసింది. ముట్టుకుంటే గంజి బిరుసు, కొత్త రంగు వాసన. నా పేపర్‌ని ఇలా ఎప్పుడూ వాసన చూడలేదు. కళ్లు చెమర్చాయి, అత్త చూడకుండా తుడుచుకున్నాను. చూసే ఉంటుంది.

మార్చి 20, శుక్రవారం

రేపు పండగ. కొంబో అడిగాడు, మొదటి జత ఎవరికిస్తావని.

మ్వానహావాకి అన్నాను. ప్రతి పండక్కీ ఆమెకి కాంగా ఇస్తాను, ఇందులో కొత్తేముంది?

"ఆ వాక్యంతోనా?" అన్నాడు.

"అది అందరికీ రాసిన వాక్యం."

"ఊఁ" అన్నాడు. పోర్టులో పనిచేసేవాడికి కాంగాల సంగతి ఏం తెలుసు?

మార్చి 21, శనివారం, పండగ

పిలావ్ పళ్లెం, పైన మడిచిన కాంగా జత. సల్హా చేత పంపాను. ఏ ఉద్దేశమూ లేదు. మొదటి జత, దగ్గరి మనిషి. ఏ ఉద్దేశమూ లేదు.

మార్చి 22

పళ్లెం తిరిగొచ్చింది. తళతళా తోమి. ఖాళీగా.

పదకొండేళ్లలో మా గోడ మీంచి ఒక్క పళ్లెం ఖాళీగా దాటలేదు.

మార్చి 23

కొంబో ఆ ఖాళీ పళ్లెం తీసి అలమారలో పెట్టేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

మార్చి 26, గురువారం

చక్కెరకి రాలేదు. గ్లాసూ లేదు, తలా లేదు. సల్హా నన్ను చూసి గెంతబోయి, లోపల్నుంచి కేక వినపడి ఆగిపోయింది. మబ్బులు పట్టాయి.

ఇంత చిన్నదానికి ఇంత పంతమా? నేనేమన్నాను? గుడ్డ ఇచ్చాను. కోపం నాకే రావాలి అసలు.

మార్చి 28, శనివారం

ఇవాళ్టి సంగతి వరసగా రాయాలి, లేకపోతే నమ్మను.

మధ్యాహ్నం బట్టలు ఆరేద్దామని వెనక వాకిట్లోకి వెళ్లాను. గోడ అవతల మ్వానహావా నీలం డ్రమ్ము. దాని నోటి మీద నా కాంగా. కొత్తది, గంజి విడవనిది, ఒక్కసారైనా ఒంటికి చుట్టనిది. డ్రమ్ము మూతికి పరిచి, కొబ్బరి తాడుతో నాలుగు చుట్లు చుట్టి, పళ్లు బిగించి లాగినట్టుంది, డోలు తోలులా బిర్రుగా ఉంది. వాక్యం సరిగ్గా మా వాకిలి వైపు తిప్పి కట్టింది. పొరుగమ్మా, నీళ్లు కప్పుకో.

పండగ కానుకని డ్రమ్ముకి కట్టడం! మా ఊళ్లో ఇంతకన్నా చెప్పుతో కొట్టడం నయం. ఒళ్లు మండిపోయింది. బకెట్టు ధడాలున కింద పెట్టాను. ఆ చప్పుడుకే కాచుకున్నట్టుంది, బయటికొచ్చింది.

"ఏం డాక్టరమ్మా, చదువుకున్నావా? అక్షరాలు కనపడుతున్నాయా అక్కణ్నుంచి?"

వదినా అనలేదు. డాక్టరమ్మా అంది.

"పండక్కి ఇచ్చిన గుడ్డని నీళ్ల డ్రమ్ముకి కడతావా మ్వానహావా!"

"నువ్విచ్చింది నాకా? డ్రమ్ముకే కదా! ఎవరికి చెప్పిన మాట వాళ్లకే కట్టాను. నా పిల్ల మంచాన పడ్డప్పుడు ఆస్పత్రికి రోజూ గంజి మోసుకొచ్చావు. ఆ గంజి మోస్తూనే అనుకున్నావా ఇదంతా, దీని డ్రమ్మే దీని పిల్లని తిన్నదని?"

"నేనలా అనలేదు!"

"అనకుండా అచ్చేయించావు! ఊరంతా కట్టుకు తిరగడానికి!"

గోడల మీద తలలు లేచాయి. ఎదురింటి బీబీ పిండి చేతులతోనే వచ్చేసింది. శాస్త్రం ప్రకారం... అని మొదలెట్టాను, నాకే సిగ్గేసింది. మ్వానహావా నా భుజం మీంచి వేలు చూపించింది.

"మరి నీ డ్రమ్ముకేం కట్టావు? అదేంటి దాని నెత్తిన? నువ్వేగా చెప్పావట, మూత ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనని!"

వెనక్కి తిరిగాను. మా డ్రమ్ము. దాని మీద విరిగిన ప్లాస్టిక్ మూత, వదులుగా, పక్కకి జారి. ఏళ్ల తరబడి అలాగే ఉంది. వీధిలో అందరి డ్రమ్ముల్లో గరిటె పెట్టాను, నా డ్రమ్ములో పెట్టలేదు. పరిశోధకుల ఇళ్లు లెక్కలోకి రావు కదా.

ఎదురింటి బీబీ పగలబడి నవ్వింది. ఎవరో ఈల వేశారు. లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

అదే రోజు, కాసేపటికి

కొంబో టార్చి, గరిటె పట్టుకుని వెనకనుంచి వచ్చాడు. "ఉన్నాయి. బోలెడు. ఈత పోటీలు పెట్టుకున్నాయి" అన్నాడు.

మార్చి 29, ఆదివారం

డ్రమ్ము కడిగి నింపాను. నా పెట్టెలో ఉన్న జత తీసి ఒకటి కట్టాను. తాడు బిగించి, ఇంకోసారి బిగించి, వాక్యం వాళ్ల వాకిలి వైపు తిప్పాను. నువ్వొక్కదానివే అనుకున్నావా?

ఏప్రిల్ 2, గురువారం

వాన. రాత్రి మొదలై ఇంకా కొడుతోంది. రేకుల మీంచి ధారలు నేరుగా గుడ్డ మీద పడి, గుడ్డలోంచి డ్రమ్ములోకి దిగుతున్నాయి. విప్పనక్కర్లేదు, కట్టనక్కర్లేదు. పేపర్లో ఈ మాట రాయనేలేదు.

గోడ అవతల ఆమె డ్రమ్ము కూడా అలాగే నింపుకుంటోంది. కోపంలో కట్టిన ముడి బాగా బిగిసింది, ఇంకా వదలలేదు.

జతలో ఒకటే కదా డ్రమ్ముకి కట్టింది. రెండోది ఏం చేసిందో. ఇల్లు తుడుస్తోందేమో.

ఏప్రిల్ 7

ఎదురింటి బీబీ తన డ్రమ్ముకి కట్టింది. వాక్యం పక్కింటి చేపలావిడ వైపు. వాళ్లిద్దరికీ మేకల గొడవ ఎప్పట్నుంచో ఉంది.

ఏప్రిల్ 9

చేపలావిడ కట్టింది. బీబీ వైపు.

ఏప్రిల్ 13, సోమవారం

అత్త ఫోను. "ఏమే, మీ వీధిలో ఏం జరుగుతోందే? జత కొనడానికొచ్చి, ఒకటి ఒంటికి ఒకటి డ్రమ్ముకి అంటున్నారు. పక్క వీధి వాళ్లూ వచ్చారు. పంగాని ఊరి నుంచి ఒకతె వచ్చింది, ఆడపడుచు కోసమట. దార్‌కి మళ్లీ ఆర్డరు పెట్టాను."

"అత్తా, అందరూ తిట్టుకోవడానికి కొంటున్నారు."

"మరి! పొగుడుకోవడానికి ఎవరైనా డబ్బు తగలేస్తారా?"

వీధి చివరి దాకా నడిచాను. నీలం డ్రమ్ములన్నిటికీ పసుపు టోపీలు, ఒకదానివైపు ఒకటి మూతి విరుచుకుంటున్నట్టు. ఎంత బిగించి కట్టారనుకున్నావు! మంచి మాటగా చెప్పినప్పుడు ఎవరూ ఇలా కట్టలేదు. నవ్వుకుంటూనే వెనక్కొచ్చాను. మ్వానహావా గుమ్మం దగ్గర మాత్రం నవ్వు ఆగింది.

ఏప్రిల్ 21

ప్రొఫెసర్ మ్హీనా పిలిచారు. నా పేపర్ తెరిచి పెట్టిన ప్రతిని నైరోబీలో, అక్రాలో, ఇంకా ఎక్కడెక్కడో చదువుతున్నారట, యూనివర్సిటీ వాళ్లు చెప్పారట. పదోన్నతి ఫైలు కదిలిందన్నారు. లేవబోతుంటే గొంతు తగ్గించి, "మయాసా, ఆ కాంగా ఒక జత దొరుకుతుందా? మా ఆవిడ అడుగుతోంది. మా పక్కింటాయన..." అని ఆగిపోయారు.

ఇస్తానన్నాను. సంతోషించాను కూడా. ఇంటికొస్తే చక్కెర డబ్బా నిండుగా ఉంది. అడిగేవాళ్లు లేకపోతే చక్కెర ఎంత కాలం వస్తుందో ఇప్పుడే తెలుస్తోంది.

మే 4, సోమవారం

మళ్లీ గరిటె, టార్చి. వానలు జోరుగా ఉన్నాయి, నిరుడు ఈపాటికి ప్రతి మూడో ఇంట్లో మూలుగులు. ఈసారి వీధిలో డెంగీ మాట వినపడలేదు. వానలు ఇంకో నెలుంటాయి, ఇప్పుడే నోరు జారకూడదు. ఈసారి నా ఇంటితో మొదలుపెట్టాను. లేవు. బీబీ ఇల్లు, చేపలావిడ ఇల్లు. లేవు.

పద్నాలుగో ఇంటి తలుపు కొట్టాను. మ్వానహావా తీసింది. వెనక వాకిట్లోకి దారి ఇచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. తాడు ముడి నాకు ఊడలేదు. కాసేపు చూసి, వచ్చి తనే ఊడదీసింది. గరిటె ముంచాను, లైటు వేశాను. మళ్లీ ముంచాను. అడుగు దాకా కనిపిస్తోంది, అంత తేటగా ఉన్నాయి నీళ్లు.

"ఉన్నాయా?" అంది.

"ఒక్కటి కూడా లేదు."

ఆమె గరిటె నా చేతిలోంచి లాక్కుని తనే ముంచింది, తనే చూసింది. తర్వాత గుడ్డ పరిచి, తాడు చుట్టి, మోకాలు డ్రమ్ముకి తన్నిపెట్టి లాగింది. వాక్యం ఎటు తిరిగిందో చూసుకోలేదు. గోడ వైపు తిరిగింది.

మే 5

గోడ మీద ఒక పళ్లెం. కొబ్బరిపాలల్లో ఉడికించిన కర్రపెండలం, పైన వేయించిన ఉల్లిపాయలు. మనిషి లేదు. పళ్లెం మాత్రం ఉంది.

నేను రాత్రి చేపల పులుసు పోసి పంపాను.

మే 26, మంగళవారం

చేతుల గోరింటాకు రాలాక రాస్తున్నాను.

రేపు బక్రీదు పండగ. మధ్యాహ్నం అన్నాలయ్యాక సల్హా వచ్చి, "అమ్మ రమ్మంటోంది, ఆ పేపర్ కూడా తెమ్మంది" అని చెప్పి గెంతుకుంటూ పోయింది. అచ్చు తీసి ఉంచుకున్న పదహారు పేజీలు పట్టుకుని వెళ్లాను. మ్వానహావా వరండాలో చాప పరిచి, గోరింటాకు ముద్ద కలుపుతోంది.

"ప్రతి పండక్కీ పెట్టేది మానుకుంటే నా చేతికే వెలితి. కూర్చో. చేతులు ఇటివ్వు. నోరు ఖాళీయేగా, చదివి వినిపించు."

"ఇంగ్లీషులో ఉంది."

"నువ్వు పుట్టింది ఇంగ్లీషులోనా? మన మాటల్లో చెప్పు."

కుడి చెయ్యి ఆమె ఒళ్లో. ఎడం చేత్తో పేజీలు తిప్పుతూ, వాక్యం వాక్యం మన మాటల్లోకి మార్చి చదివాను. మధ్యమధ్యలో ఆపేది. "గణాంకాలంటే?" "ఏం లేదు, గాలివాటం మాట కాదని నమ్మించడం." "ఆఁ, మా పెళ్లిళ్ల పేరమ్మకి ఉండాల్సింది అది" అనేది. తన పనీ ఆగలేదు. నా మణికట్టు చుట్టూ తీగ పాకిస్తూనే ఉంది.

ఐదో పేజీ వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా పద్నాలుగో ఇంట... అని ఆగాను.

తీగ ఆగలేదు.

"చదువు."

"మ్వానహావా..."

"తెలుసులే. నిరుడు నా డ్రమ్ములో గరిటె ముంచి పైకి తీసినప్పుడు నీ మొహం చూశాను. ఏంటి వదినా అంటే ఏం లేదన్నావు. అదిగో, అప్పట్నుంచీ తెలుసు." ఆకు ఒకటి గీసింది, దాని పక్కన ఇంకొకటి. "తెలిసీ దాదాపు ఏడాది పాటు దాని నెత్తిన గుడ్డ వెయ్యలేకపోయాను. వేస్తే, అవును నేనే అని ఒప్పుకున్నట్టు కదా. నువ్వు కోపం తెప్పించావు, ఆ ఊపులో వేసేశాను."

"అప్పుడే చెప్పాల్సింది నేను. భయపడ్డాను" అన్నాను.

"చెప్పావుగా, ఊరంతా కట్టుకునేలా. చెయ్యి కదపకు, పువ్వు పాడవుతుంది."

కళ్లు తుడుచుకోవడానికి చేతులు లేవు. ఆమె తన కాంగా చెంగుతో తుడిచింది, విసుక్కుంటూ. ఎడం చేతికి కూడా పెట్టడం అయ్యాక, "మంచినీళ్లు తాగుతావా? నేను తాగిస్తాలే, లోపలికి రా" అంది. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని వెనకాలే వెళ్లాను.

లోపలి గదిలో కిటికీ పక్కన మంచం మీద సల్హా. గెంతి గెంతి ఎప్పుడొచ్చి పడిందో, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఈ దోమ పగలే కుడుతుంది కదా. గడ్డం దాకా పసుపు మీద ఎరుపు కాంగా కప్పి ఉంది. ఎన్నిసార్లు ఉతికిందో, గంజి అంతా పోయి మెత్తబడింది. అంచు చుట్టూ పిల్ల కాళ్ల కింద దోపి ఉంది, దోమ దూరకుండా. వాక్యం పిల్ల పొట్ట మీదుగా వెళ్లి, ఊపిరి తీసినప్పుడల్లా లేచి దిగుతోంది. 'నా బిడ్డను నిద్రపోనీ' అన్న మాట వరకే కనిపిస్తోంది.

జతలో రెండోది ఇక్కడుందన్నమాట.

నేను ఏదో అనబోయాను. మ్వానహావా పెదవుల మీద వేలు పెట్టింది. ఇద్దరం వంటగదిలోకి పోయి, గొంతు తగ్గించుకుని మాట్లాడుకున్నాం.